గోడ మీద మరక: పది వేల ఖర్చా, రెండు లక్షలదా?

పాత ఫ్లాట్ కొనబోయేవాళ్లు ముందుగా చూసేది గోడలనే. రంగు బాగుంటే ఇల్లు బాగుందనుకుంటారు, పగులు కనిపిస్తే భయపడతారు. రెండూ తప్పుదారి పట్టించేవే. హాల్లో తలుపు మూల నుంచి ఏటవాలుగా సాగిన జానెడు పగులుకు లప్పం పెట్టి రంగేస్తే రెండు మూడు వేలలో పని అయిపోవచ్చు. వంటింటి పైకప్పులో అరచేయంత చెమ్మ మరక మాత్రం లక్షన్నర, రెండు లక్షలు తినేయొచ్చు. పైగా ఆ పని జరగాల్సింది మీ ఇంట్లో కూడా కాదు, పై అంతస్తువాళ్ల బాత్రూంలో. వాళ్లు ఒప్పుకోకపోతే మీ దగ్గర డబ్బున్నా పని మొదలవదు.

అందుకే ఇంటి తనిఖీ అంటే లోపాల జాబితా రాసుకోవడం అనుకుంటే సరిపోదు. ప్రతి లోపం దగ్గర రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఇది ఎక్కడి నుంచి వస్తోంది? దీన్ని బాగుచేయించాల్సింది ఎవరు? ఈ రెండింటికీ జవాబు దొరికాకే ఖర్చు మాట్లాడటానికి వీలవుతుంది. ఈ జవాబులు లేకుండా మేస్త్రీ చెప్పే అంకె ఎంతైనా అది మరకకు కట్టిన ధరే.

ఒక అపోహను ముందే తీసేయాలి. హోమ్ లోన్ ఇచ్చే ముందు బ్యాంకు ఒక ఇంజినీరును పంపుతుంది కాబట్టి ఇల్లు తనిఖీ అయిపోయినట్టేనని చాలామంది నమ్ముతారు. ఆయన వచ్చేది ఆస్తి విలువ కట్టడానికి. కొలతలు, ప్లాన్‌కు తగ్గట్టు కట్టారా, ఆ ప్రాంతంలో ధర ఎంత, భవనం వయసెంత అన్నవి చూస్తారు. నహానీ ట్రాప్ (బాత్రూం నేలలో నీరు బయటికి పోయే గొట్టం నోరు) చుట్టూ నీరు దిగుతోందా, ఎర్తింగ్ పనిచేస్తోందా అన్నది ఆయన పనిలో లేదు. అప్పు తీరేదాకా ఆ ఇంటి మీద బ్యాంకుకు ఎంత విలువ మిగులుతుందన్నదే ఆయన తేల్చాల్సింది.

ఇంటి తనిఖీ కోసమే పనిచేసే సంస్థలు ఇప్పుడు హైదరాబాద్ లాంటి నగరాల్లో ఉన్నాయి. చదరపు అడుగుకు ఇంత అని తీసుకుంటాయి. రెండు పడకగదుల ఫ్లాట్‌కు ఐదు నుంచి పది వేల దాకా అవుతుంది. చెమ్మ కొలిచే మీటరు, వేడి తేడాలు చూపించే కెమెరా తెస్తారు. వాళ్లు దొరకని ఊళ్లో అనుభవమున్న సివిల్ ఇంజినీరును, ఆయనతో పాటు ఒక మంచి ఎలక్ట్రీషియన్‌ను తీసుకెళ్లినా పని జరుగుతుంది. ఇక్కడ నేను రాసే ధరలు కూలీ, సామాను కలిపి హైదరాబాద్ మార్కెట్‌కు దగ్గరగా ఉండే ఉజ్జాయింపులు. ఊరిని బట్టి, సామాను రకాన్ని బట్టి, పనివాళ్లు ఎక్కాల్సిన అంతస్తును బట్టి అటూఇటూ అవుతాయి.

నీటి దారి

మన ఇళ్ల తనిఖీల్లో ఎక్కువ గొడవ నీటితోనే. అందులోనూ బాత్రూందే పెద్ద కథ. చాలా అపార్ట్‌మెంట్లలో బాత్రూం ఉన్నంత మేర స్లాబును అడుగు దాకా కిందికి దించి పోస్తారు. ఆ గుంటలో పైపులు పరిచి, ఇటుక ముక్కలతోనో కూల్చిన గోడల రద్దుతోనో నింపి, పైన టైల్స్ వేస్తారు. టైల్స్ సందుల్లోంచి, నహానీ ట్రాప్ అంచుల్లోంచి, కమోడ్ కింది జాయింటు నుంచి రోజూ కొద్దికొద్దిగా దిగే నీరు ఆ గుంటలో నిలుస్తుంది. అక్కడి నుంచి కాంక్రీటులో ఎక్కడ సందు దొరికితే అక్కడ బయటికొస్తుంది. కింది ఇంట్లో మరక కనిపించిన చోటికీ, పైన నీరు దిగే చోటికీ నాలుగైదు అడుగుల తేడా ఉండటం మామూలే. మరకకు సరిగ్గా పైన టైల్స్ పగలగొట్టించి, ఏమీ దొరక్క తల పట్టుకునేది ఇందుకే.

కారణం పట్టుకోవడానికి సులువైన దారి ఒకటుంది. పై ఇంటివాళ్లు నాలుగు రోజులు ఊరెళ్లినప్పుడు మరక ఆరిపోతే, తప్పు వాడిన నీరు బయటికి పోయే దారిలోనో టైల్స్ సందుల్లోనో ఉన్నట్టు. వాళ్లు లేకపోయినా చెమ్మ పెరుగుతూనే ఉంటే, నల్లాలకు నీరు తెచ్చే పైపు కారుతోందని అనుమానించాలి, ఎందుకంటే ఆ పైపులో ఎప్పుడూ నీరు ఒత్తిడితో నిలబడి ఉంటుంది. గుంటలో చాలా నీరు నిలిచిపోతే ఆరడానికి ఎక్కువ రోజులు పడుతుంది కాబట్టి తొందరపడి తేల్చేయకూడదు. ప్లంబర్ చేతిపంపుతో పైపులో ఒత్తిడి పెట్టి, మీటరు ముల్లు పడిపోతోందో లేదో చూస్తే నీరు తెచ్చే పైపు సంగతి తేలిపోతుంది. బాత్రూం నేల మీద రంగు కలిపిన నీరు నిలబెట్టి, కింద ఆ రంగు దిగుతుందేమో చూడటం ఇంకో పద్ధతి.

ఖర్చు తేడా మొత్తం ఇక్కడే ఉంది. నీరు తెచ్చే పైపులో ఒక్క జాయింటు పోతే నాలుగు టైల్స్ తీసి సరిచేయడానికి ఐదు నుంచి పది వేలు. టైల్స్ సందులు మాత్రమే వదులైతే వాటిని గీకి ఎపాక్సీ గ్రౌట్ (నీరు చొరనివ్వని గట్టి పూరకం) నింపడానికి కూడా దాదాపు అంతే. నహానీ ట్రాప్ మార్చి దాని చుట్టూ వాటర్‌ప్రూఫింగ్ చేయడానికి పది నుంచి పదిహేను వేలు. గుంటంతా నీరు పట్టి ఉంటే మాత్రం టైల్స్, రద్దు మొత్తం తీసేసి, పైపులు కొత్తవి వేసి, రెండు మూడు పూతల వాటర్‌ప్రూఫింగ్ చేసి, ఒకటి రెండు రోజులు నీరు నిలబెట్టి పరీక్షించి, మళ్లీ టైల్స్ వేయాలి. నలభై చదరపు అడుగుల బాత్రూంకు లక్ష నుంచి రెండు లక్షలు, ఫిట్టింగులు ఖరీదైనవైతే ఇంకా ఎక్కువ.

ఈ రెండు చివర్లకూ మధ్యలో అమ్ముడుపోయే పని ఒకటుంది. కింది ఇంటి పైకప్పుకు రంధ్రాలు చేసి, రసాయనం ఎక్కించి, లీకేజీ ఆపేస్తామంటారు. పై ఇంటివాళ్ల గడప తొక్కక్కర్లేదు కాబట్టి ఆశగా ఉంటుంది. స్లాబులో ఒక సన్నటి పగులు ద్వారా మాత్రమే నీరు వస్తున్నప్పుడు ఇది పనికొస్తుంది. పైన గుంట నిండి ఉన్నప్పుడు ఒక దారి మూసేస్తే నీరు ఇంకో దారి వెతుక్కుంటుంది. పైగా ఆ నీరంతా స్లాబులోని ఇనుము దగ్గరే నిలిచి ఉంటుంది. పాతిక వేలు పెట్టి తర్వాతి ఏడాది మళ్లీ మరక చూసుకునే కంటే, పై ఇంటివాళ్లతో కూర్చుని మాట్లాడి సగం ఖర్చు పంచుకున్నా లాభమే.

చివరి అంతస్తులో ఫ్లాట్ అయితే డాబా చూడకుండా వెనక్కి రావద్దు. ముందు వాన నీటి పైపుల నోళ్లు చూడండి. ఆకులు, సిమెంటు తునకలు అడ్డంపడి నీరు నిలుస్తుంటే, శుభ్రం చేయించడానికి అయ్యేది వందల్లోనే. పిట్టగోడ మూలన రావి మొక్క మొలిస్తే పైన తుంచేసి సంతోషపడకూడదు, వేరు గోడలోకి దిగే ఉంటుంది. డాబా మీద వాలు సరిగ్గానే ఉండి పైపొర మాత్రం ఎండకు బీటలు వారితే, బీటలు నింపి యాక్రిలిక్ పూత వేయించడానికి చదరపు అడుగుకు నలభై నుంచి డెబ్భై రూపాయలు. ఎండ దెబ్బకు నాలుగైదేళ్లలో మళ్లీ వేయాల్సి వస్తుంది. పాలీయురెథేన్ లాంటి మెరుగైన పూతలు అడుగుకు వంద దాటుతాయి, ఎక్కువ కాలం నిలుస్తాయి. వాలే తప్పుగా ఉంటే పై పొర అంతా తీసి మళ్లీ వేయాలి, అది లక్షల పని. డిష్ యాంటెన్నాకో షెడ్డుకో బోల్టులు దించిన చోట్లు ప్రత్యేకంగా చూడండి. వాటర్‌ప్రూఫింగ్ పొరకు చిల్లు పడేది ఎక్కువగా అక్కడే.

గ్రౌండ్ ఫ్లోర్ అయినా, విడి ఇల్లు అయినా కింది నుంచి పైకి పాకే చెమ్మ ఉంటుంది. నేల నుంచి రెండు మూడు అడుగుల ఎత్తు దాకా రంగు ఉబ్బి, తెల్లటి ఉప్పు పొడి రాలుతుంటే అదే. పునాది మీద చెమ్మను ఆపే పొర వేయకపోవడమో, అది పాడవడమో కారణం. దీని మీద ఎంత మంచి పెయింట్ వేసినా ఒక్క వానాకాలంలో ఊడిపోతుంది. నాలుగడుగుల ఎత్తు దాకా ప్లాస్టరింగ్ కొట్టేసి, గోడలోకి రసాయనం ఎక్కించి, ఉప్పును తట్టుకునే ప్లాస్టరింగ్ చేయాలి. చదరపు అడుగుకు నూటయాభై నుంచి మూడు వందలు వేసుకోండి.

గ్రౌండ్ ఫ్లోర్ విషయంలో ఇంకో ప్రశ్న ఇరుగుపొరుగునే అడగాలి: ఇక్కడికి వరద వచ్చిందా? 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్ వైపు ఎన్నో ఇళ్లు నీళ్లలో నిలబడ్డాయి. అలాంటి ఇంట్లో గోడల కంటే ముందు అనుమానించాల్సినవి నడుము ఎత్తు లోపు ఉన్న స్విచ్ బోర్డులు, వాటి వెనక వైరింగ్, తలుపుల కింది భాగం. సంపులోకి మురుగు చేరిందా అన్నదీ కనుక్కోవాలి. అమ్మేవారు చెప్పకపోయినా వీధి చివర కిరాణా కొట్టాయన చెబుతాడు.

అమ్మకానికి ముందు ఇంటికి రంగు వేయించడం తప్పేమీ కాదు. గది మొత్తం పాతగా ఉండి ఒక్క గోడకో, పైకప్పులో ఒక్క మూలకో కొత్త రంగు ఉంటే మాత్రం అక్కడ చెయ్యి పెట్టి చూడాలి. ఫాల్స్ సీలింగ్ ఉంటే ఒక లైటు విప్పించి, ఆ రంధ్రంలోంచి ఫోన్ టార్చ్ వేసి అసలు స్లాబును చూడండి. అల్మారా వెనక గోడ, సింకు కింది అర, కిటికీ కింది అంచు తప్పకుండా చూడాల్సినవి. చూడటానికి వానలు పడుతున్న కాలమే మంచిది. వేసవిలో ఏ ఇల్లయినా పొడిగానే ఉంటుంది.

పెచ్చులూడే స్లాబు

నీటి తర్వాత డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడ. నా మటుకు నాకు నిజంగా భయం వేసేదీ ఇదే. బాల్కనీ కిందో, బాత్రూం పైకప్పులోనో పెచ్చులూడి తుప్పుపట్టిన చువ్వలు కనిపిస్తుంటాయి. "పాత బిల్డింగు కదా, ప్లాస్టరింగ్ ఊడింది" అని తేలిగ్గా తీసేస్తారు. ఊడింది ఉత్త ప్లాస్టరింగేనా, చువ్వను కప్పి ఉంచే కాంక్రీటా అన్నది తేల్చుకోవాలి.

మంచి కాంక్రీటుకు క్షార గుణం ఎక్కువ. దాని పీహెచ్ పన్నెండు దాటి ఉంటుంది. ఆ గుణమే లోపలి ఇనుము చుట్టూ పల్చటి రక్షణ పొరను నిలబెడుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఏళ్ల తరబడి కాంక్రీటులోకి ఇంకి ఆ గుణాన్ని తగ్గిస్తుంది. అది చువ్వ దాకా చేరాక, కాస్త తేమ తోడైతే తుప్పు మొదలవుతుంది. తుప్పు ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి కాంక్రీటు లోపలి నుంచి పగిలి పెచ్చులై రాలుతుంది. చువ్వను కప్పి ఉంచే కాంక్రీటు పల్చగా ఉంటే ఇదంతా తొందరగా జరుగుతుంది. కాంక్రీటు కట్టడాలకు మన దేశంలో పాటించే ఐఎస్ 456 ప్రమాణం ప్రకారం మామూలు వాతావరణంలో స్లాబు చువ్వల మీద కనీసం 20 మిల్లీమీటర్లు, స్తంభాల్లో 40 మిల్లీమీటర్లు కాంక్రీటు కప్పు ఉండాలి. స్లాబు పోసే రోజు చువ్వల కింద కవర్ బ్లాకులు (చువ్వలను ఎత్తి ఉంచే చిన్న దిమ్మెలు) సరిగ్గా పెట్టకపోవడం వల్లనే చాలా ఇళ్లలో అది అర అంగుళం కూడా ఉండదు.

సముద్రం ఒడ్డున కథ ఇంకా వేగంగా నడుస్తుంది. విశాఖపట్నంలో బీచ్ వైపు ఇళ్లకు ఉప్పుగాలి తగులుతూనే ఉంటుంది. ఆ ఉప్పులోని క్లోరైడ్లు కాంక్రీటు క్షార గుణం బాగున్నా సరే చువ్వ మీది రక్షణ పొరను ఛేదిస్తాయి. అందుకే అదే ప్రమాణం తీరప్రాంతపు వాతావరణానికి 45 మిల్లీమీటర్ల కప్పు అడుగుతుంది. హైదరాబాద్‌లో ముప్ఫై ఏళ్ల భవనానికీ, విశాఖ తీరంలో ముప్ఫై ఏళ్ల భవనానికీ ఒకే లెక్క వేయకూడదు.

ఎంత లోతుకు పోయిందో చూడటానికి పరీక్షలున్నాయి. కొత్తగా పగలగొట్టిన కాంక్రీటు మీద ఫినాఫ్తలీన్ ద్రావకం చల్లితే, ఆరోగ్యంగా ఉన్న చోట గులాబీ రంగు వస్తుంది, క్షార గుణం పోయిన చోట రంగు రాదు. రీబౌండ్ హ్యామర్‌తో కొట్టి పై పొర గట్టితనం చూస్తారు. శబ్ద తరంగాలు పంపి లోపల డొల్ల ఉందా అని చూస్తారు. భవనం మొత్తానికి ఇవన్నీ చేయించి ఇంజినీరు రిపోర్టు తీసుకోవడానికి వేలల్లో, పెద్ద భవనమైతే లక్షల్లో అవుతుంది. కొనేవారు ఒక్కరే ఇది చేయించలేరు. అసోసియేషన్ గతంలో ఎప్పుడైనా చేయించిందా అని మాత్రం అడగగలరు.

బాల్కనీ కింద ఇరవై చదరపు అడుగుల మేర చెడిందనుకోండి. వదులు కాంక్రీటు కొట్టేసి, చువ్వల తుప్పు గీకి, రక్షణ పూత వేసి, పాలిమర్ మార్టర్‌తో నింపడానికి అడుగుకు మూడు నుంచి ఆరు వందలు, అంటే పది వేల చుట్టూ పని. అదే తుప్పు సెల్లార్‌లో స్తంభాల్లో ఉంటే లెక్క మారిపోతుంది. స్తంభం మీద చువ్వ వెంబడి నిలువుగా సాగే పగులు దీని తొలి గుర్తు. ఒక్కో స్తంభానికి చుట్టూ కొత్త చువ్వలు కట్టి కాంక్రీటు తొడుగు వేయాలంటే అరవై వేల నుంచి లక్ష దాటుతుంది. పై బరువుకు తాత్కాలిక ఆసరాలు పెట్టి, డిజైన్ చేయించి చేయాల్సిన పని అది. ఉత్త సిమెంటు పూసి రంగేసిన స్తంభం బయటికి బాగానే కనిపిస్తుంది, లోపల తుప్పు ఆగదు. సెల్లార్‌లో కార్లు పెట్టే చోట స్తంభాల కింది రెండడుగులు కళ్లారా చూడండి. వాచ్‌మన్ రోజూ నీళ్లు కొట్టి కడిగే చోట్లు మరీనూ.

మిగతా పగుళ్ల గురించి అంత టెన్షన్ అక్కర్లేదు. గోడకూ బీముకూ మధ్య అడ్డంగా, గోడకూ స్తంభానికీ మధ్య నిలువుగా వచ్చే సన్నటి గీతలు ఇటుకా కాంక్రీటూ వేడికి వేర్వేరుగా కదలడం వల్ల వచ్చేవి. జాలీ కొట్టి పూస్తే తగ్గుతాయి. ఇటుకల వరసల వెంబడి మెట్లుమెట్లుగా దిగే పగులు, పైన వెడల్పై కిందికి సన్నబడే పగులు మాత్రం పునాది కదిలిందేమోనన్న అనుమానానికి చోటిస్తాయి. గుంటూరు, కృష్ణా జిల్లాల్లో నల్లరేగడి నేలలున్న చోట ఇది ఎక్కువ. ఆ నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. అక్కడ అండర్ రీమ్డ్ పైల్స్ (అడుగు భాగం ఉబ్బుగా ఉండే లోతైన కాంక్రీటు పునాది స్తంభాలు) వేసి కట్టారా అని అడగాలి. పగులు ఇంకా కదులుతోందా అన్నది తేల్చడానికి దాని మీద అడ్డంగా చిన్న గాజు పలక అంటించి తేదీ రాస్తారు. కొన్ని నెలల్లో గాజు పగిలితే పగులు బతికే ఉన్నట్టు. బేరం నడుస్తున్న వారం రోజుల్లో ఇది తేలదు కాబట్టి, అలాంటి పగులు కనిపిస్తే స్ట్రక్చరల్ ఇంజినీరు చూసేదాకా బయానా ఇవ్వకపోవడమే మేలు.

స్విచ్ బోర్డు వెనక

కరెంటు లోపాలు చవకగా బాగుపడతాయి, కానీ ప్రాణాలు తీసేవి అవే. పాతికేళ్ల ఫ్లాట్లలో మూడు పిన్నుల సాకెట్ ఉంటుంది, పై పెద్ద రంధ్రానికి వెనక ఎర్తు వైరే ఉండదు. గీజర్ లోపల కాయిల్ చెడితే ఆ కరెంటు నీళ్లలోకి, మనిషిలోకి వస్తుంది. హైదరాబాద్‌లో బోరు నీళ్లలో ఉప్పు పేరుకుని గీజర్ కాయిల్స్ తొందరగా పోతాయి కాబట్టి ఇది ఊహల్లో ప్రమాదం కాదు. కొన్ని వందలకు దొరికే సాకెట్ టెస్టర్ గుచ్చి ప్రతి గదిలో చూడొచ్చు. అది కొన్ని తప్పులను పట్టలేదు గనుక ఎలక్ట్రీషియన్ మీటరు పెట్టి చూడటం అవసరమే.

మెయిన్ బోర్డులో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) ఉందా అన్నది ఒక్క నిమిషం పని. దాని మీద 'టి' అని రాసిన బటన్ ఉంటుంది. నొక్కగానే కరెంటు పోవాలి. పోకపోతే అది ఉన్నా లేనట్టే. ఎంసీబీ ఉంది కదా అని సర్దుకుంటారు చాలామంది. ఎంసీబీ కాపాడేది వైరును, లోడు ఎక్కువైనప్పుడు. మనిషిని కాపాడటానికి 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే తెగిపోయే ఆర్‌సీసీబీ కావాలి. సింగిల్ ఫేజ్‌ది బిగింపుతో కలిపి మూడు నాలుగు వేలు. ఎర్తింగ్ గుంట కొత్తది వేయించడానికి ఆరు నుంచి పన్నెండు వేలు. ఏసీలకు, గీజర్లకు 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు ఉండాల్సిన చోట సన్నవి లాగి ఉంటే, పాత అల్యూమినియం వైరింగే ఉంటే, మొత్తం మార్చుకోవడమే దారి. రెండు పడకగదుల ఫ్లాట్‌కు ఎనభై వేల నుంచి లక్షన్నర అవుతుంది. గోడలు కొట్టాల్సి వస్తుంది కాబట్టి రంగు కంటే ముందు చేయించాల్సిన పని ఇది.

మిగతావి చకచకా చెప్పుకోవచ్చు. టైల్స్‌ను నాణెంతో తట్టితే డొల్ల శబ్దం వచ్చేవి కింద సిమెంటు సరిగ్గా పట్టనివి. రెండు మూడు ఉంటే వదిలేయొచ్చు, హాలంతా అలాగే ఉంటే చదరపు అడుగుకు నూటయాభై పైన పడుతుంది. ద్వారబంధాల కింది భాగాన్ని స్క్రూడ్రైవర్‌తో గుచ్చితే లోపలికి దిగిపోతే చెదలు. మందు కొట్టించడానికి అడుగుకు ఆరు నుంచి పన్నెండు రూపాయలే, తినేసిన గుమ్మం మార్చడానికి అదనం. ఇరవై ఏళ్లు దాటిన అపార్ట్‌మెంట్లలో ఇనుప నీటి పైపులు లోపల తుప్పుతో మూసుకుపోయి ఉంటాయి, నల్లా తిప్పి ధార చూస్తే తెలుస్తుంది. లిఫ్ట్ ఎప్పటిదో అడగండి, మార్చాల్సి వస్తే పది లక్షల పైమాటే. ఆ బిల్లులో మీ వాటా ఉంటుంది.

ఎవరి జేబులోంచి?

కొత్త ఫ్లాట్ అయితే చట్టం మీ వైపు ఉంది. 2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం 14(3) సెక్షన్ ప్రకారం, ఇల్లు అప్పగించిన తేదీ నుంచి ఐదేళ్ల లోపు నిర్మాణంలోనో, పనితనంలోనో, నాణ్యతలోనో, సదుపాయాల్లోనో లోపం బయటపడితే బిల్డరు 30 రోజుల్లో పైసా తీసుకోకుండా సరిచేయాలి. చేయకపోతే పరిహారం అడగొచ్చు. బాత్రూం లీకేజీ కూడా పనితనం లోపమే. ఈ ఐదేళ్లు గడిచేలోపు లోపాన్ని ఫోటోలతో, తేదీతో, రాతపూర్వకంగా చెప్పాలి. ఫోన్లో చెప్పి "చూస్తాం సార్" అనిపించుకుని ఊరుకుంటే తర్వాత చూపించుకోవడానికి ఏమీ మిగలదు. స్థలం 500 చదరపు మీటర్లకు, లేదా ఫ్లాట్లు ఎనిమిదికి మించని ప్రాజెక్టులకు రెరా రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదని గుర్తుంచుకోండి. మన కాలనీల్లో కట్టే చిన్న అపార్ట్‌మెంట్లు చాలా వరకు ఈ కోవలోవే. వాటిలో కొనేటప్పుడు బిల్డరుతో చేసుకునే అగ్రిమెంట్‌లోనే లోపాల బాధ్యతను రాయించుకోవాలి.

పాత ఫ్లాట్ అయితే మూడు జేబులు. మీ గోడల లోపలి పైపులు, వైర్లు, టైల్స్ మీవి. పై ఇంటి బాత్రూం నుంచి వచ్చేది పై ఇంటివాళ్ల బాధ్యత. పునాదులు, స్తంభాలు, బీములు, డాబా, బయటి గోడలు అందరి ఉమ్మడి ఆస్తి, అంటే అసోసియేషన్ డబ్బుతో జరగాల్సినవి. చివరి అంతస్తులో ఉన్నందుకు డాబా ఖర్చు మొత్తం మీరే పెట్టుకోవాలని కింది వాళ్లంటే ఒప్పుకోనక్కర్లేదు. అది పేచీకి దారితీస్తుందన్నదీ నిజమే. కొనే ముందే కార్యదర్శిని కలిసి గతంలో డాబా పని ఎవరు పెట్టుకున్నారో కనుక్కుంటే మీ ముందున్నది ఎలాంటి అపార్ట్‌మెంటో తెలుస్తుంది.

ఇప్పుడు ఒక లెక్క వేసి చూద్దాం. పన్నెండు వందల చదరపు అడుగుల, ఇరవై ఏళ్ల ఫ్లాట్ అరవై లక్షలకు చెప్పారనుకుందాం. ఒక బాత్రూం మొత్తం తీసి కట్టడానికి లక్షన్నర, వైరింగ్ మార్పుకు లక్షా పది వేలు, ఎర్తింగ్, ఆర్‌సీసీబీ కలిపి పదిహేను వేలు, బాల్కనీ పెచ్చులకు పది వేలు, చెదల మందుకు పది వేలు, గోడలకు రంగుకు ఎనభై వేలు. మొత్తం మూడు లక్షల డెబ్భై ఐదు వేలు. పాత ఇంట్లో గోడ తెరిచాక కొత్త పని బయటపడకుండా ఉండదు కాబట్టి ఇంకో ఇరవై శాతం కలిపితే నాలుగున్నర లక్షలు.

ఈ మొత్తాన్నీ బేరంలో పెట్టకండి. రంగు ఎవరైనా వేసుకునేదే, అమ్మేవారికి అది లోపంలా అనిపించదు. బాత్రూం, వైరింగ్, ఎర్తింగ్, పెచ్చులు, చెదలు కలిపి రెండు లక్షల తొంభై ఐదు వేలకు ఫోటోలు, ఇద్దరు పనివాళ్ల కొటేషన్లు చేతిలో పెట్టుకుని మాట్లాడితే, ధర తగ్గించడమో పని చేయించి ఇవ్వడమో అడగడానికి ఆధారం ఉంటుంది. నేనైతే ధర తగ్గించమనే అడగమంటాను. వెళ్లిపోయే మనిషి చేయించే బాత్రూం పని చవకగానే ఉంటుంది, రెండేళ్లకు ఎలా ఉంటుందన్నది ఆయన ఆలోచించాల్సిన అవసరం లేదు. ఒకవేళ పని చేయించి ఇస్తానని ఒప్పుకుంటే ఏ పని, ఏ సామానుతో, ఏ తేదీలోగా, నీరు నిలబెట్టి పరీక్షించేది ఎవరి ఎదుట అన్నవి అగ్రిమెంట్‌లో రాయించండి. ఆ పని విలువంత మొత్తం రిజిస్ట్రేషన్ రోజు దాకా ఆపుకోండి.

ఇంటి లోపలి లోపాలన్నీ ఇలా డబ్బుతో తేలిపోతాయి. తేలనిది ఉమ్మడి స్తంభాల సంగతి. ఇరవై ఫ్లాట్ల భవనానికి ముప్ఫై లక్షల మరమ్మతు పడితే ఇంటికి లక్షన్నర, భరించలేనిదేమీ కాదు. కానీ ఆరుగురు ఇవ్వం అంటే పని ఆగుతుంది, ఆగినన్నాళ్లూ తుప్పు పెరుగుతుంది, ఎస్టిమేట్ కూడా పెరుగుతుంది. ఈ గొడవ నడుస్తున్నదీ లేనిదీ గోడలు చూస్తే తెలియదు. అసోసియేషన్ మీటింగుల మినిట్స్ పుస్తకంలో, కార్పస్ ఫండ్ (పెద్ద ఖర్చుల కోసం అందరూ కలిసి దాచిన నిధి) ఖాతాలో తెలుస్తుంది. గత మూడేళ్ల మినిట్స్, బ్యాంకు స్టేట్‌మెంట్ చూపించమని బయానా ఇవ్వకముందే అడగండి. చూపించడానికి ఇష్టపడని చోట ధర ఎంత తగ్గించినా కొనమని నేను చెప్పను.